అంబలికుండకు వచ్చు రోగములు



పల్నాటిసీమ తిండితీర్థములను గూర్చి మాటలాడ బూనినవాడెవడైనను ముందుగా శ్రీనాథ కవిసార్వభౌముని పేరెత్తక తప్పదు. ఏలయన, ఆ మహాకవి పేర నేటికిని జనుల నాలుకలమీద నిలిచియున్న చాటువులలో ఈ సీమ జొన్నకూటిమీదను, నాగులేటి నీటిమీదను కనబడు విసుగు తెలుగువారికందఱకును చిరపరిచితమే. ఆ పద్యములు నిజముగా ఆయనవియా కావా యను చర్చ పండితులకు విడిచిపెట్టుదము. ఆ చాటువులలో విడివిడిగా నింద మోసిన యీ రెండు వస్తువులు, జొన్నయు నీరును, ఒక కుండలో కలిసి రాత్రియంతయు నిలిచినపుడు ఏమి జరుగును? జరుగవలసినది జరుగక రుచి దారి తప్పినపుడు అందులకు బాధ్యులెవరు? నేటి నా ప్రసంగమునకు ఇదియే విషయము.

నాగార్జునసాగరము కుడికాలువకు 1967లో నీరు వదలిన పిమ్మట గురజాల, నరసరావుపేట ప్రాంతములలో కాలువ పాఱిన మేరకు వరియన్నము నిత్యభోజనమైనది. జొన్నయంబలి ముసలివారి జ్ఞాపకములలోనికి జాఱినది. ఇపుడు మరల, మధుమేహభయముచేత నేమి, వేసవి తాపముచేత నేమి, బజారులలో తోపుడుబండ్లమీద స్టీలు డ్రమ్ములలో అంబలి అమ్ముచున్నారు, ఇండ్లలోను పెట్టుకొనుచున్నారు. కాని నడుమ ఒక తరము గడచుటచే చేతివాటము పోయినది. పిండి నానబెట్టినది మొదలు పొయ్యిమీదికెక్కువఱకు కుండలో నడచు వ్యవహారము నేటి గృహిణులకు గాని, వారికి సాయపడు పురుషులకు గాని తెలియకపోవుటచే, ఒకనాడు కమ్మగా వచ్చిన అంబలి మఱునాడు కంపుకొట్టుచున్నది; అపుడు జొన్నలు మంచివి కావని అంగడివానిమీద విరుచుకుపడుట పరిపాటియైనది. అంగడివాని పాపము ఇందులో స్వల్పమని నా యభిప్రాయము.

ధాన్యమును పులియబెట్టు పానీయముల రుచిదోషములను లోకములో నెల్లరకంటెను శ్రద్ధగా విచారించినవారు బీరు కాచువారు. ఇంగ్లండులో 1963లో లైసెన్సు నిబంధన తొలగించిన నాటనుండియు, అమెరికాలో 1978లో చట్టము అనుమతించిన పిమ్మటను, అక్కడి గృహస్థులు ఎందఱో తమ వంటయింటిలోనే యవలతో బీరు కాచుకొనుచు, వెన్నవాసన యేల వచ్చినది, మందుల వాసన యేల వచ్చినదని తర్జనభర్జనలు పడుచుందురు. మనకా స్వాతంత్ర్యము లేదు. ఆంధ్రప్రదేశ్ ఆబ్కారీ చట్టము, 1968 ప్రకారము లైసెన్సు లేక మద్యము తయారుచేయుట నేరము. కనుక బీరు కాచు విధానము నేను చెప్పబోవుట లేదు. అయితే వారి పీపాలో పనిచేయు సూక్ష్మజీవులకును, మన కుండలో పనిచేయువానికిని బంధుత్వము దగ్గఱిదే గనుక, వారి శాస్త్రమును మనము ఎరువు తెచ్చుకొనుటలో తప్పు లేదు.

ఈ శాస్త్రము పుట్టినదే ఒక ఫిర్యాదువలన. 1856లో ఫ్రాన్సు దేశమందలి లీల్ నగరములో బీటుదుంపలనుండి సారాయము దీయు కర్మాగారపు యజమాని యొకడు, తన తొట్లలో కొన్ని నిష్కారణముగా పులిసి చెడిపోవుచున్నవని అక్కడి కళాశాలలో రసాయనాచార్యుడుగా నున్న లూయీ పాశ్చరును ఆశ్రయించెను. పాశ్చరు మంచి తొట్టినుండి ఒక బొట్టు, చెడిన తొట్టినుండి ఒక బొట్టు తీసి సూక్ష్మదర్శిని క్రింద నుంచి చూడగా, మంచిదానిలో గుండ్రని ఈస్టు కణములును, చెడినదానిలో సన్నని కడ్డీలవంటి వేఱు ప్రాణులును కనబడెను. మఱుసటి సంవత్సరమే పాలు పులియుటకు కారణమైన ప్రాణులను గూర్చి ఆయన వ్యాసము వెలువడినది. 1876లో బీరును గూర్చి పెద్ద గ్రంథమే వెలువడినది. ఆ గ్రంథములో ఆయన ఈ దోషములను దోషములనక రోగములనియే వ్యవహరించెను. నా ప్రసంగమునకు పేరు అక్కడినుండి గ్రహించితిని.

ఇక మన కుండయొద్దకు వత్తము. ఒక గ్లాసు జొన్నపిండిని మూడు గ్లాసుల నీటిలో ఉండలు లేకుండ కలిపి, పలుచని గుడ్డ వాసెన గట్టి, రాత్రి యొక మూల నుంచుదురు. తెల్లవాఱుసరికి పిండి అడుగున దిగి, పైన తేట నిలిచి, ఆ తేటమీద సన్నని బుడగలు అంచువెంబడి చేరియుండును. మూత తీసినపుడు మజ్జిగవాసనకు దగ్గఱగా, దానికంటె తేలికగా నుండు పులుపువాసన రావలెను, ముక్కునకు గుచ్చుకొనరాదు. ఎసరు మఱుగుచుండగా ఈ పులిసిన పిండిని పోసి, అడుగంటకుండ త్రిప్పుచు ఉడికించి, చల్లారినపిదప ఉప్పు, మజ్జిగ చేర్చి, నీరుల్లిపాయ నంజుకొని త్రాగుదురు. ఆ రాత్రి లోపల జరిగినదేమనగా, పిండిని అంటిపెట్టుకొనియుండిన నానావిధ సూక్ష్మజీవులలో, చక్కెరను లాక్టికామ్లముగా మార్చునవి మెల్లమెల్లగా పైచేయి సాధించి, తమ పులుపుచేతనే తక్కినవానిని అణచివైచినవి. కోపెన్‌హాగెన్ నగరములో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ పరిశోధనాలయమందు పనిచేసిన సోరెన్‌సెన్ 1909లో పులుపును కొలుచుటకు పీహెచ్ అను మానమును కల్పించెను. ఆ మానము ప్రకారము ఏడు తటస్థము, అంకె తగ్గినకొలది పులుపు హెచ్చు. బాగుగా పులిసిన జొన్నపిండి తేట నాలుగునకు దాపుగా నుండును. ఆ గీటు చేరినదా, కుండ తనను తాను కాపాడుకొనును. చేరుటలో జాప్యమైనదా, రోగములు ప్రవేశించును. రుచిదోషములలో సగము ఈ జాప్యమునుండియే పుట్టునవి.

ఈ జాప్యమునకు పల్నాటిలో మొదటి కారణము నీరు. మాచర్ల నాపరాయి రాష్ట్రమంతట ఇండ్లకు నేలయైనది. పిడుగురాళ్ల సున్నపుబట్టీలకు పెట్టినపేరు. గుత్తికొండ బిలము సున్నపురాతిలో నీరు తొలిచిన గుహయే. ఇట్టి నేలలోనికి దిగిన వాననీరు రాతిని కొంచెముకొంచెముగా కరగించుకొని బావులలోనికిని బోరులలోనికిని వచ్చును. కావుననే ఇక్కడ నీళ్లు కాచు గిన్నెల అడుగున తెల్లని పెచ్చు కట్టుట సర్వసామాన్యము. ఆ నీటిలో కరగియున్న బైకార్బొనేటులు కుండలో పుట్టుచున్న ఆమ్లమును ఎప్పటికప్పుడు మ్రింగివైచును. సూక్ష్మజీవులు కష్టపడి పులుపు తయారుచేయుచుండగా, నీరు దానిని చల్లగా రద్దుచేయుచుండును. గీతకార్మికుల కీ సంగతి శాస్త్రగ్రంథము చదువకయే తెలియును: తీయని నీరా కావలసినపుడు వారు లొట్టి లోపల సున్నము పూయుదురు, ఆ సున్నమున్నంతసేపు నీరా కల్లుగా మాఱదు. బోరునీటి క్షారము లొట్టిలోని సున్నమంత తీవ్రము కాదు గాని, నడచు దారి అదియే. వారు కోరి చేయు పనిని మన నీరు మన మడుగకయే చేసిపెట్టుచున్నది.

బీరు కాచువారికి నీటి మహిమ బాగుగా తెలియును. నేటి చెక్ దేశములో భాగమైన బొహీమియాలోని పిల్సెన్ నగరపు నీరు మిక్కిలి మెత్తనిది. 1842లో అక్కడ పుట్టిన పసిడిరంగు బీరు ఆ నీటి చలువయే. ఇంగ్లండులోని బర్టన్ నీటిలో జిప్సము మెండు. అక్కడి బీరునకు కరకు చేదు వన్నె తెచ్చినది. డబ్లిన్ నీటిలో కార్బొనేటు లెక్కువ. మాడ్చిన యవలలోని ఆమ్లగుణము ఆ క్షారమును సరిపుచ్చును గనుకనే నల్లని స్టౌటు అక్కడ కుదురుకొన్నదని ఆ విద్య నెఱిగినవారు చెప్పుదురు. ఊరి నీటికి తగిన పానీయమును వారు ఎన్నుకొనిరి. మనకు అంబలిని మార్చుకొనవలసిన పనిలేదు. నీటిని మార్చుకొన్న చాలును. బోరునీటిని ఒక పొంగు మఱిగించి, రాత్రి కదలింపక ఉంచి, అడుగున దిగిన తెల్లని మడ్డిని విడిచి పైతేటను వంచుకొన్నచో, బైకార్బొనేటులలో చాలభాగము సున్నపుపొడిగా అడుగున చిక్కును. ఇపుడు ప్రతి ఊరను ఇరువది లీటర్ల టిన్నులలో శుద్ధిజలము అమ్ముచున్నారు. ఆ నీటిలో ఖనిజములు తక్కువ గనుక దానితో కలిపిన పిండి బోరునీటి పిండికంటె ముందే పులియును. రెండు నీళ్లను సగపాలుగా కలుపుటయు మంచి పద్ధతియే.

కుళాయినీటి సంగతి వేఱు. ఊరి ట్యాంకులో బ్లీచింగు పౌడరు కలిపిన దినమున ఆ నీటితో పిండి కలిపినచో, మంచి సూక్ష్మజీవులు మొదటనే దెబ్బతినును. అంతేగాక ఎఱ్ఱజొన్న పొట్టులోని వగరు పదార్థములతో క్లోరిను కలిసి ఆసుపత్రి వాసన పుట్టింపగలదు. బీరు కాచువారు అతిగా భయపడు దోషములలో ఇది యొకటి, ఏలయన అత్యల్పమైనను నాలుక పట్టుకొనును, ఎంత ఉడికించినను పోదు. అట్టి నీటిని ముందుగా కాచి చల్లార్చుకొనుట మేలు.

నీటి తరువాత వేడి. రెంటచింతల ఎండ ఎట్టిదో వార్తలు వినువారికందఱకును తెలిసినదే. మే నెలలో రేకుల కప్పుక్రింద నుంచిన కుండ రాత్రి సగము గడవకమునుపే పులిసి, తెల్లవాఱుసరికి పండ్లు పులియునంత తీవ్రమగును. అదే పిండి పుష్యమాసములో మఱునాటి సాయంకాలమునకు గాని దారికి రాదు. వేసవి పులుపునకు విరుగుడుగా కొందఱు వంటసోడా చిటికెడు వేయుదురు. ఈ అలవాటును నేను తీవ్రముగా ఖండించుచున్నాను. రాత్రియంతయు సంపాదించిన ఆమ్లమును సోడా క్షణములో హరించును. దానితో కుండకున్న రక్షణ పోవును. క్షారములో ఉడికినపుడు థయమిన్ అను బి విటమిను నశించును. పైగా నోటిలో సబ్బురుచి మిగులును. వేసవిలో పిండిని ఆలస్యముగా, పడుకొనబోవు వేళకు కలుపవలెను. కుండను తడి యిసుక కుదురులో నుంచి చుట్టును తడిగుడ్డ కప్పవలెను. మట్టికుండ నీటిని చెమర్చి తన్నుతాను చల్లబఱచుకొనును. ఈ గుణము స్టీలు గిన్నెకు లేదు, ప్లాస్టిక్ డబ్బాకు అసలే లేదు. చలికాలములో నిన్నటి పులిసిన తేట ఒక గరిటెడు దాచి, పాలకు తోడు వేసినట్లు క్రొత్తపిండికి చేర్చిన చాలును.

ఈ తోడు విలువ చలికాలమునకే పరిమితము కాదు. అంబలిరోగములలో హేయమైనది వాంతి వాసన. గాలి సోకని అడుగుభాగమున, పులుపు ఇంకను కుదరని తొలిగంటలలో, మట్టిలోను గింజపొట్టుమీదను నిద్రించు ఒకజాతి సూక్ష్మజీవుల బీజములు మేల్కొని బ్యుటిరికామ్లమును పుట్టించును. ఆ బీజములు మఱిగించుటకైనను చావవు. ముఱిగిన నేతిలో కంపు ఈ యామ్లముదే. పీహెచ్ నాలుగున్నరకు దిగువకు వేగముగా పడినచో వాని ఆటలు సాగవు. సున్నపునీరు, చలిరాత్రి, తోడులేని పిండి, ఈ మూడును ఒకచోట కలిసిన దినమున ఆ కంపు తప్పదు. మూడింటిలో ఒకటి తొలగించినను చాలవఱకు తప్పును.

ముక్కునకు గుచ్చుకొను సిర్కావాసన వచ్చినచో అది గాలి చేసిన పని. ఈస్టు పుట్టించిన కొద్దిపాటి సారాయమును గాలి తగిలినచోట మఱియొక జాతి ఎసెటికామ్లముగా మార్చును; ప్రొద్దున దింపిన కల్లు సాయంకాలమునకు కడుపుమంట పుట్టించుటకు కారణములలో ఇదియు నొకటి. పెద్దకుండలో కొద్దిపిండి కలుపుట, మాటిమాటికి మూతతీసి చూచుట, రెండుమూడు దినములు నిలువయుంచుట దీనికి దోహదములు. తేటమీద తెల్లని పలుచని పొర కట్టినచో అదియు గాలిని ఆశించు ఈస్టుజాతియే. తొలినాడు తీసివేసి వాడుకొనవచ్చును గాని, అది పులుపును తినివేయును గనుక ఉపేక్షింపరాదు. పచ్చగా, నల్లగా, నూగునూగుగా కనబడునది బూజు. దానితో బేరము లేదు, కుండెడును పాఱబోయవలసినదే; కొన్ని బూజుల విషములు ఉడికించినను విఱుగవు.

పిండి తీగలు సాగి జిగటగా వచ్చుట మఱియొక తెగులు. కొన్ని సూక్ష్మజీవులు చక్కెరలతో బంకను నేయును. బెల్జియము దేశములో గాలిలోని ఈస్టుతో బీరు పులియబెట్టువారు పీపాలో ఈ బంక కనబడినపుడు కంగారుపడక నెలల తరబడి వేచియుందురు. అది తనంతటనే తగ్గును. అంబలి త్రాగువానికి అంత తీరిక యెక్కడిది? తోడు మార్చి, కుండ మార్చవలెను.

కుండ మాటకు వచ్చితిమి గనుక చెప్పుచున్నాను. మా ప్రాంతపు అత్తలు వాసన చూచినంతనే జొన్నను గూర్చి అడుగరు. “ఏందే అమ్మాయ్, కుండ తోమి ఎండబెట్టావా, ఊరికే తొలిచి బోర్లించావా?” అని యడుగుదురు. ఈ ప్రశ్నలో పాశ్చరు గ్రంథములోని సారము చాలవఱకు ఇమిడియున్నది. మట్టికుండ రంధ్రమయము, నిన్నటి జీవులు, మంచివియు చెడ్డవియు, ఆ రంధ్రములలో కాపురముండును. సబ్బుపెట్టినచో సబ్బును కూడ త్రాగును. కొబ్బరిపీచుతో తోమి, సలసల కాగిన నీరు పోసి కుదిపి, బోర్లింపక మూతి సూర్యునివైపు పెట్టి పగలంతయు ఎండనీయవలెను. రెండు కుండలున్నగాని ఇది సాగదు, ఒకటి పనిలోనుండ నొకటి ఎండలోనుండును. ఎన్నిసార్లు కడిగినను పాతకంపు వదలని కుండను పూలమొక్కకు ఇచ్చివేయుట ఉత్తమము. కళాయి పోయిన ఇత్తడిగిన్నెలో పులిసిన పదార్థమును నిలువయుంచుట మాత్రము రుచిదోషముతో పోవు విషయము కాదు. పులుపు రాగిని కరగించును, చిలుము కడుపులోనికి పోవును. నాలుకమీద నాణెము పెట్టినట్టి రుచి తగిలినచో మొదట చూడవలసినది గిన్నె లోపలి కళాయినే.

గింజ నిర్దోషియని నేననుట లేదు. కోతవేళ వానకు తడిసి నల్లబడిన జొన్నలో బూజువాసన పుట్టుకతోనే యుండును. పిండి విషయములో మఱియొక మెలకువ కావలెను: జొన్నగింజ మొలకభాగములో నూనె గలదు గనుక, మరపట్టిన పిండి వేసవిలో కొలదివారములకే ముక్కిపోవును, ముక్కిన పిండి చేదును ఏ పులుపును కప్పదు. కావలసినంతయే పట్టించుకొనుట మంచిది. ఆఫ్రికాఖండమున ఇదే జొన్నను మొలకెత్తించి పుల్లని చిక్కని బీరు కాచుదురు. అది చదివి ఇక్కడ మొలకజొన్న అంబలి ప్రయత్నించువారు, ఎండబెట్టిన మొలకలనుండి వేళ్లను, పిలకలను నలిపి చెఱిగి తీసివేయవలెను. లేత జొన్నమేత పశువులను చంపు విషపదార్థమే ఆ పిలకలలోను గలదు.

రుచి మంచిదా చెడ్డదా అనునది ఒక్కొకచో స్థానమునుబట్టి నిర్ణయమగును. డైఎసిటైల్ అను పదార్థము వెన్నకు కమ్మదనము నిచ్చును. అదే పదార్థము బీరులో కనబడినచో కాచినవాడు తలపట్టుకొనును. అంబలిలో లీలగా నున్నచో మనవారు “కమ్మగా పులిసింది” అని మెచ్చుకొందురు. నేను మనవారి పక్షమే.

శ్రోతలకు నా మనవి యొక్కటి. ఈసారి అంబలి రుచి చెడినపుడు పిండి, నీరు, కుండ, చోటు అన్నియు ఒక్కసారిగా మార్చివేయకుడు. అట్లు చేసినచో బాగుపడినను ఎందువలన బాగుపడినదో తెలియదు. ఒకే పిండిని రెండు కుండలలో కలిపి, ఒకదానిలో బోరునీటిని, రెండవదానిలో అదే నీటిని కాచి తేర్చి పోసి, రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి, ప్రొద్దున ముందుగా వాసన, పిదప రుచి చూడుడు. నీటిలో తేడా కనబడకున్నచో మఱుసటి రాత్రి రెండింట ఒకే నీరు పోసి ఒకదానికి మాత్రము తోడు వేయుడు. ఇంటిలో డెబ్బదియేండ్లు దాటిన పెద్దలున్నచో మొదటి గుక్క వారికే యిచ్చి, ఏది సరియైనదో వారినే అడుగుడు.